మనాలికి వచ్చిన తెలుగు

“తాత సచ్చిండు!”

ఫోన్‌లో పోచవ్వ కేక వేసింది. వెనకాల ఈలలు, అరుపులు, ఎవరో ఎవర్నో పిలుస్తున్న గోల. “ఇప్పుడే సచ్చిండు. మల్ల చేస్త” అంటూనే పెట్టేసింది.

దాదర్‌లో తను పనిచేసే కళ్లద్దాల దుకాణం మెట్ల మీద మనాలి అలాగే నిలబడిపోయింది. తాత శివరాం పొద్దుటి మాత్ర వేసుకున్నాడో లేదో అడుగుదామని ఫోన్ చేసింది. అంతే. ఎత్తింది పక్కింటి పోచవ్వ.

మనాలికి వచ్చిన తెలుగు తక్కువే. కామాఠీపురాలో పుట్టి, మరాఠీ బడిలో చదివి, నాన్నతో కూడా మరాఠీలోనే మాట్లాడే పిల్ల. తాత కోసం నాలుగు తెలుగు ముక్కలు పట్టుకుంది. అయినా ‘సచ్చిండు’ తెలియకపోవడానికి ఏముంది? వంటింట్లో ఎలుక సచ్చినా, గోడ మీద బొద్దింక సచ్చినా రోజూ వింటున్న మాటాయె!

ఆదివారం ఆటలకు తాతను పంపింది తనే మరి.

రెండు నెలలుగా వాళ్లుండే పాత అద్దె గదుల చాల్‌లో అరవై దాటినవాళ్లంతా ఆదివారం పొద్దున కింద వాకిట్లో పోగవుతున్నారు. రెండు జట్లు కడతారు. ఒక వారం లగోరీ అనే ఏడు పెంకులాట, ఒక వారం అంత్యాక్షరి, బుద్ధి పుడితే ఇంకోటి. ఆడేవాళ్ల ఫోన్లన్నీ పోచవ్వ సంచిలో ఉంటాయి. తాతకు నిరుడు గుండెకు స్టెంట్ వేశారు కాబట్టి నాన్న ససేమిరా వద్దన్నాడు. డాక్టరే నడవమన్నాడు కదా అని మనాలి వాదించింది. ఏమన్నా అయితే ఎవరిది జిమ్మేదారి అని నాన్న అడిగాడు. నాది, అంది. గొంతు పెద్దది చేసి మరీ అంది.

సేటుకి చెప్పి వచ్చిందో చెప్పకుండా వచ్చిందో కూడా గుర్తులేదు. టాక్సీలో కూలబడి, “నాగ్‌పాడా, జల్దీ భయ్యా” అని ఇంటి దారి పట్టించింది. మళ్లీ ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. ఎత్తలేదు. నాన్నకు చేద్దామని పేరు దాకా పోయి వేలు ఆగిపోయింది. ఏమని చెప్పాలి? నువ్వు వద్దన్నావు, నేను పంపాను, అయిపోయింది అనా?

తాత నేల మీదే పడి ఉన్నాడా? తల కింద ఎవరన్నా చెయ్యి పెట్టారా? ఇల్లు మూడో అంతస్తులో. ఆ ఇరుకు చెక్క మెట్ల మీద మనిషిని ఎలా మోసుకెళతారు? మోయడం గురించి ఆలోచిస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. దేవా దేవా అనుకుంటూ ఏడ్చింది. టాక్సీవాడు అద్దంలోంచి చూసి, పాపం, హారన్ గట్టిగా కొట్టడం మొదలుపెట్టాడు.

బైకుల్లా దాటాక పోచవ్వ ఫోన్ ఎత్తింది.

“పోచవ్వా! తాతను… తాతను ఎక్కడ పెట్టిన్రు?”

“యాడ పెడతరే? గీత బయట కూసోవెట్టిన్రు.”

“కూసోవెట్టిన్రా?”

“మరి సచ్చినోన్ని లోపట ఉండనిస్తరా?”

మనాలికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపు మాత్రం ఇంకా పెద్దదైంది. అవతల ఫోన్ చేతులు మారింది.

“ఏందే మనాలీ, గట్ల ఏడుస్తున్నవ్?”

తాత గొంతు!

“తాతా! నువ్వు సచ్చినవని…”

“ఆఁ, సచ్చిన. అవతలి జట్టు పెంటయ్య ముట్టుకున్నడు, సచ్చిన. మావోళ్లు వాళ్లల్ల ఒకన్ని ముట్టుకుంటే మల్ల లేస్త. అసలు కబడ్డీ కాదే! ఉరుకుడు లేదు, గుంజుడు లేదు, ఉత్త ముట్టుడే. ముసలోళ్ల కబడ్డీ.”

సంగతి విని అక్కడ అందరూ గొల్లుమన్నారు. మనాలికి సిగ్గేసింది. కోపమొచ్చింది. పోయిన ప్రాణం లేచొచ్చింది. నాలుగు తిడదామంటే తెలుగులో తిట్లు చాల్లేదు.

“అంటే, సచ్చిండు అంటే ఔటా?”

“ఔట్.”

“లేసిండు అంటే ఇన్?”

“ఇన్. గింతే, గిదేమన్న పెద్ద సదువా?”

“ఎట్ల ఉన్నవ్ మరి? దమ్ము వస్తుందా, ఆయాసం?”

“జరంత. మెట్టు మీద కూసున్న, చాయ్ తెస్తున్నరు. నువ్వు మంచిగ పని చేస్కో పో.”

“నహీ! వస్తున్న. నువ్వు లేసేది చూడాలె నాకు.”

ఫోరస్ రోడ్ దగ్గర బండ్లు కదలడం లేదు. టాక్సీ దిగి నడిచింది. పెదాల మీద నవ్వు ఆగడం లేదు. సచ్చిండు, ఔట్. లేసిండు, ఇన్. మర్చిపోకుండా రెండు మూడుసార్లు అనుకుంది. సాయంత్రం ఈ కథ చెబితే నాన్న కూడా పడీపడీ నవ్వుతాడు. వచ్చే ఆదివారం సెలవు పెట్టి తనే ఈల పట్టుకుని నిలబడాలి. ఆ ముసలోళ్ల మధ్య తెలుగైనా కాస్త బాగుపడుతుంది.

గల్లీ మలుపు తిరుగుతుంటే ఫోన్ మోగింది. తాత నంబరే. మాట్లాడింది పోచవ్వ. ఈసారి వెనకాల ఈలలు లేవు.

“లేసిండా, పోచవ్వా?”



“తాత పోయిండు బిడ్డా.”

ఇంకో కొత్త మాట దొరికిందని సంబరపడుతూ, “పోయిండు అంటే ఔటా, ఇన్నా?” అని నవ్వుతూ అడిగింది మనాలి.