దండం పెడితే తెరుచుకునే తలుపు

సంగమ్మ తలుపుకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.

తలుపు దానంతటదే తెరుచుకుంది.

"ఓ యవ్వో!" అంటూ రెండడుగులు వెనక్కి గెంతింది సంగమ్మ. వరుసలో ఉన్నవాళ్లు బిత్తరపోయారు.

"చూసినవా అక్కా, నీ భక్తికి మెచ్చింది," అన్నాడు వీరన్న, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

వీరన్న ఆ దవాఖానకు కొత్త చౌకీదారు. జహీరాబాదులో డాక్టర్ మదన్‌మోహన్ దవాఖాన తెరిచి ఏడాది కాలేదు. పదిమంది ముట్టిన తలుపుతో రోగాలు అంటుతాయని, చేత్తో పనిలేని మోటారు తలుపును బొంబాయి నుంచి తెప్పించాడు డాక్టర్. గోడకు కింద ఒక ఇనుప బిళ్ల. కాలితో నొక్కితే చాలు.

కానీ తలుపును కాలితో తియ్యడమా? లక్ష్మీదేవిని తన్నినట్టు కాదూ! ఊళ్లవాళ్లెవరూ ఒప్పుకోలేదు.

అక్కడే దొరికింది వీరన్నకు ఆట. బిళ్లకు అడ్డంగా స్టూలు వేసుకున్నాడు. దండం పెట్టమనడం, వాళ్లు పెట్టగానే మడమతో బిళ్ల నొక్కడం. ఎనభై అయిదులో జహీరాబాదుకు అంతకు మించిన తమాషా లేదు.

ఆ పొద్దున లోపల మంచం మీది దేవమ్మ అతన్ని పిలిచింది. ముసలామెకు ఊపిరి అందడం లేదు.

"బిడ్డా, నా కొడుకు చంద్రప్ప బీదర్ బస్సుకొస్తడు. ఒక్కపారి మొఖం చూస్త. జల్ది లోపటికి తోలు."

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. నేనే తోల్కొస్త."

మాటైతే ఇచ్చాడు. బస్సు ఎప్పుడొచ్చిందో మాత్రం, ఆటలో పడి చూడలేదు.

శాలువా కప్పుకున్న నడివయసు మనిషొకడు వరుసను దాటి వచ్చాడు. ఎవర్నీ ఏమీ అడక్కుండా స్టూలు పక్కనుంచి బిళ్ల వైపు కాలు చాపాడు.

వీరన్న చప్పున తన కాలు అడ్డం పెట్టాడు.

"ఓ పెద్దమనిషీ! తలుపును తంతవా? కండ్లు పోతయ్. ముందు దండం పెట్టు."

"జర జరుగు తమ్మీ. మా అవ్వ..."

"అవ్వలు అందరికున్నరు. దండం పెట్టు, పో."

వరుసంతా గొల్లున నవ్వింది.

"నోటితోని పెడ్తున్న. నమస్తే."

"నోటి దండం చెల్లదే! చేతులు బయటికి తియ్. శాలువల కోడిపెట్టను గిట్ల దాచినవా?"

మళ్లీ నవ్వులు. ఆ మనిషి తల దించుకున్నాడు. భుజాలు ముడుచుకుని శాలువాలోకి ఇంకా ఒదిగాడు.

"మల్ల అడుగుతున్న. తొవ్వ ఇడువు."

"గంత టెక్కెందుకు? ఊరు ఊరంత మొక్కుతుంటే నువ్వేమన్న నవాబువా?"

అంతలో తలుపు లోపలి నుంచే తెరుచుకుంది. ఆయా నీలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఆమె వెనక తలుపు మూసుకుంది.

"వీరన్నా, బీదర్ కెల్లి చంద్రప్ప అనేటాయన వచ్చిండా?"

"నేనే," అన్నాడు శాలువా మనిషి.

"జర ముందుగాల రాకపోతివి అయ్యా! గిప్పుడే పోయింది. తలుపు దిక్కే చూసుకుంట పోయింది."

చంద్రప్ప ఒక్క ఉదుటున కదిలాడు. శాలువా జారి కింద పడింది.

రెండు చేతులూ మోచేతుల దాకానే ఉన్నాయి.

స్టూలు మీది నుంచి లేచాడో, పడ్డాడో వీరన్నకే తెలియదు. చంద్రప్ప కాలు వెతుక్కోకుండానే బిళ్లను నొక్కింది. తలుపు తెరుచుకుంది. అతను లోపలికి పోయాడు.

కాసేపటికి డాక్టర్ బయటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వీరన్న కింద పడ్డ శాలువాను దులిపి ఎదురెళ్లాడు.

"సార్... గాయన..."

"బయటికొచ్చేటప్పుడు సాయం చేస్తనని మీద పడకు వీరన్నా. ఆయనకు నచ్చదు," అన్నాడు డాక్టర్. "నా చిన్నప్పుడు చెరుకు గానుగల పడవోతుంటే నన్ను గుంజి, తన చేతులు పోగొట్టుకున్నడు. మీకందరికి రోగాలని చెప్పిన గని, గాయన ఎవ్వని ముందట నిలవడి 'తలుపు తియ్' అని బతిమాలొద్దని, ఆయన కాలు కొలత తీస్కొని ఈ తలుపు పెట్టించిన."