మూడో దినం

“ఆ డబ్బీకి మూత పెట్టన్నా!”

నరసింహప్ప చెయ్యి ఆగిపోయింది.

కంట్లో పొర తీయించుకుని చాప మీద వెల్లకిలా పడుకున్న మనిషి. రెండు కళ్ళకూ కట్టు. తల కదలకుండా అటూ ఇటూ ఇసుక మూటలు. అయినా అలవాటు ఊరుకోదు. పంచె మడతలోంచి నశ్యం డబ్బీ తీశాడు. మూత టక్కుమంది. అంతే, ఎడమ పక్కనుంచి ఆ గొంతు.

“ఎవురప్పా నువ్వు?”

“ఎవుడైతే ఏంది? నశ్యం పీలిస్తే తుమ్ము వస్తాది. ఒక్క తుమ్ముకే కోసిన చోటు విచ్చుకుంటాది. కన్ను కారిపోతాది.”

నరసింహప్ప గొణుక్కుంటూ డబ్బీ మూశాడు.

మైసూరు మహారాజావారి కాలం. దసరా సెలవుల్లో పావగడ కన్నడ స్కూల్లో బెంగుళూరు డాక్టరొకాయన మకాం వేసి కళ్ళకు ఆపరేషన్లు చేస్తున్నాడు. అరసికెరెలో గొర్రెలు కాసుకునే నరసింహప్పను తమ్ముడు ఓబన్న బండిలో తెచ్చి దించిపోయాడు. కట్టు కట్టాకే గదిలోకి మోసుకొచ్చి పడుకోబెట్టారు. గదిలో ఎవరెవరున్నారో నరసింహప్ప ఎరగడు. కుడి పక్క గోడ. ఎడమ పక్క ఆ గొంతు.

కాపలాకు పెట్టిన పనివాడు కాబోలు అనుకున్నాడు.

“దగ్గు వస్తే ఏం చేసేది?”

“నోరు తెరిచి గాలి పీల్చు. నిదానంగా మింగు. దొడ్డికి పోయేటప్పుడు ముక్కాకు. కన్ను దురద పెట్టినా నలపాకు. డాక్టరు చెప్పేదాకా తల ఎత్తాకు.”

“బాగా చెప్తావే!”

రెండో దినం దాహమైంది.

“ఏమప్పా, రవ్వన్ని నీళ్ళియ్యి.”

“నల్లప్పా! అన్నకు నీళ్ళంట!” అని గొంతు కేకేసింది. కాంపౌండరు నల్లప్ప ఎక్కడినుంచో వచ్చి నీళ్ళు పోశాడు.

నరసింహప్పకు ఒళ్ళు మండింది. “చెంబెత్తి ఇచ్చేకి నీకు ఒళ్ళు వంగదా?”

“వంగకూడదన్నా.”

వీడెంత సోమరి అనుకున్నాడు నరసింహప్ప.

మూడో దినం మధ్యాహ్నం. బయట గేటు దగ్గర కేకలు.

“మా అన్నతో మాట్లాడాల! వదులప్పా!”

“లోపలికి పోకూడదు. డాక్టరు తిడతాడు!” నల్లప్ప అడ్డం పడుతున్నాడు.

“మందలో తోడేళ్ళు పడినాయి! సగం మంద చెదిరిపోయింది!”

ఓబన్న గొంతే!

నరసింహప్ప చెయ్యి చాచి ఇసుక మూటను తోసేశాడు. మోచెయ్యి నేలకు ఆనించాడు. రెండో చెయ్యి కట్టు మీదికి పోయింది.

“లేవాకన్నా!”

“నా మంద పోతాంటే పడుకోమంటావా?”

“నల్లప్పా! నల్లప్పా!” గొంతు అరిచింది. గేటు దగ్గరి గోలలో నల్లప్పకు వినపడలేదు.

నరసింహప్ప తల చాప మీదినుంచి లేచింది.

ఒక్క ఉదుటున రెండు చేతులు వచ్చి అతని భుజాలను నేలకు అదిమాయి. తల మళ్ళీ చాపకు ఆనింది. బరువంతా ఛాతీ మీద పడింది.

“వదులు! ఒరేయ్, వదులు!”

“వదలను.”

నరసింహప్ప మోచేత్తో పొడిచాడు. అది మొహానికి తగిలింది.

“అబ్బా!”

పట్టు మాత్రం సడల్లేదు. రొప్పుతూ చెవి దగ్గరే అంది గొంతు. “గొర్రెలు మళ్ళా ఈనుతాయన్నా. కన్ను ఈనదు.”

మళ్ళీ పొడిచాడు. అయినా చేతులు వదల్లేదు.

నల్లప్ప పరిగెత్తుకొచ్చాడు. వెనకే డాక్టరు. గదంతా అడుగుల చప్పుడు, కన్నడంలో గబగబా మాటలు. భుజాల మీది చేతులు తొలగిపోయాయి. ఎవరో నరసింహప్ప కట్టు సరిచేసి ఇసుక మూటలు మళ్ళీ పెట్టారు.

“నన్ను గొడ్డును అదిమినట్ల అదిమినాడు సామీ!”

“నోరు మూసుకోని పడుకో!” నల్లప్ప అడుగులు గబగబా ఎడమ పక్కకు పోయాయి.

ఆ సాయంత్రం నుంచి ఎడమ పక్క చప్పుడు లేదు.

పనివాణ్ణి తీసేసినట్లున్నారు, మంచి పనైంది అనుకున్నాడు నరసింహప్ప.

ఎనిమిదో దినం పొద్దున కట్టు విప్పారు. డాక్టరు మందపాటి అద్దం ఒకటి కంటి ముందు పట్టాడు.

“ఎన్ని వేళ్ళు?”

“మూడు సామీ.” నరసింహప్ప ఆ వేళ్ళ మీదికి వంగాడు. “సామీ... మీ గోళ్ళు కూడా కనపడతాండాయి!”

డాక్టరు నవ్వలేదు. “ఆ రోజు నువ్వు లేచి ఉంటే ఈ కన్ను ఉండేది కాదు” అని మాత్రం అన్నాడు.

ఓబన్న తీసుకుపోవడానికి వచ్చాడు. పదకొండు గొర్రెలు పోయాయని చెప్పాడు. నరసింహప్ప విని తలూపాడంతే. తమ్ముడి మొహాన్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఓబన్న మీసం ఎప్పుడు నెరిసిందో అతనికి తెలియనే తెలియదు.

గడప దగ్గర ఆగి నల్లప్పను పిలిచాడు.

“మీ పనోడు యాడప్పా? ఊరికే తిట్టినా, కొట్టినా. ఆయప్పకు ఒక మంచి పొట్టేలు తోలుకొచ్చి ఇస్తా.”

“ఏ పనోడు? ఈడ పనికి నేనొక్కన్నే.”

“అదేనప్పా, నా ఎడమ పక్క ఉండె, నన్ను అదిమి పట్టుకున్నాయన.”

నల్లప్ప గదిలో ఖాళీగా ఉన్న ఎడమ పక్క చాపను చూపించాడు.

“ఆయప్ప పనోడు కాదు నరసింహప్పా. కాటయ్య అని, వెంకటమ్మనహళ్లి ఆయన. ఆ దినమే వేరే గదికి మార్చినాము. మొన్న పెండ్లాము చెయ్యి పట్టుకోని నడిపించుకోని పోయింది.”

“చెయ్యి పట్టుకోనా? ఎందుకు?”

“పోయిన సంవత్సరం ఒక కంటికి ఆపరేషను చేస్తే, మూడో దినం లేచి కన్ను పోగొట్టుకున్నాడు. ఈసారి మిగిలిన కంటికి నీకు చేసిన దినమే చేసినారు, నిన్ను పట్టుకునేకి లేచి అదీ పోగొట్టుకున్నాడు.”