ఎఫీకి ఇవ్వని బిళ్ళ

"విశ్వాసపు సాక్ష్యం బాగానే చెప్పింది. కానీ అవి దేవుడు పలికించిన మాటలా, ప్రభువు బల్ల మీద ఆశ పలికించిన మాటలా అన్నది నాకింకా తేలలేదు," అన్నాడు టోర్మొడ్.

మిగతా సంఘ పెద్దలెవరూ తలెత్తలేదు. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ ఎఫీ అతని భార్య. ప్రభువు పేర రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారపు వారం వచ్చిన ప్రతిసారీ ఇదే గది, ఇదే ప్రశ్న, ఇదే జవాబు. కొత్తగా వచ్చిన పాస్టరు మెకాస్కిల్ మాత్రం అందరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. పెద్దల్లో ఒక్కరు కాదన్నా ఆమె చేతిలో సీసపు బిళ్ళ పెట్టడానికి వీల్లేదు. బిళ్ళ లేనివాళ్ళు ఆదివారం ప్రభువు బల్ల దగ్గర కూర్చోవడానికి వీల్లేదు.

స్కాట్లండ్‌కు పడమటనున్న మా లూయిస్ దీవిలో ఇదేమీ వింత కాదు. లోకం పుట్టకముందే దేవుడు తనవాళ్ళను ఏర్పరచుకున్నాడు. వాళ్ళలో లేనివాడు మోకాళ్ళు అరిగేలా ప్రార్థించినా చేరేది నరకానికే. అర్హత లేనివాడు ఆ రొట్టె ముట్టుకుంటే శిక్షను కొరుక్కు తిన్నట్టేనని చిన్నప్పటి నుంచీ విని విని, మంచివాళ్ళే ముందుగా భయపడి వెనక బెంచీల్లో ఉండిపోతారు. టోర్మొడ్ లాంటివాళ్ళు ముందు వరసలో కూర్చుని ఆ భయం చల్లారకుండా చూస్తుంటారు. పరలోకంలో అతనికి కుర్చీ వేసి ఉంచారని ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. సొంత పెళ్ళానికే బిళ్ళ ఇవ్వనివాడు ఎంత నికార్సయినవాడో అని జనం చెప్పుకునేవారు. ఆ చెప్పుకునేవాళ్ళలో ఒక్కరికైనా ఎఫీ గుర్తొచ్చిందో లేదో.

ఆమె ఎదురు చెప్పలేదు. "మీకు తేలినప్పుడే ఇవ్వండి," అని ఇంటికి వెళ్ళిపోయింది. పక్క ఊళ్ళ నుంచి ఆరాధనలకు వచ్చినవాళ్ళతో ఇల్లు నిండి ఉంది. ఆదివారం పొయ్యి దగ్గర పని చేయకూడదు కనక అంతమందికీ మాంసం, బంగాళాదుంపలు శనివారమే ఉడికించి, నీళ్ళు కూడా తోడి పెట్టింది. మర్నాడు ఆమె పెట్టింది తిన్నవాళ్ళు బల్ల దగ్గరికి నడుస్తుంటే, ఆమె వెనక కూర్చుని చూసింది.

ఆ చలికాలం ఎఫీ మంచాన పడింది. వసంతం దాటదని డాక్టరు చెప్పేశాడు. టోర్మొడ్ చేపల పడవ ఒడ్డుకు లాగేసి ఆమె పక్కనే ఉండిపోయాడు. గంజి తనే తాగించేవాడు, తల తనే దువ్వేవాడు, పొయ్యిలో పీట్ మట్టిగడ్డల మంట ఆరకుండా చూసేవాడు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళకు ఇది మింగుడు పడలేదు. ఇంత ప్రేమ ఉన్న మొగుడు ఆ ఒక్క బిళ్ళ దగ్గర ఎందుకు బండరాయి అవుతాడని బయటికొచ్చి గుసగుసలాడుకునేవారు.

ఎఫీ అడిగేది ఒక్కటే. చచ్చేలోగా ఒక్కసారి ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. పాస్టర్లు ఏమన్నా, ఆ రొట్టె ముట్టకుండా పోతే ఏర్పరచుకున్నవాళ్ళకైనా పరలోకం తలుపు తెరుచుకోదని దీవిలో పాతకాలపువాళ్ళ నమ్మకం; ఆ ఇంట్లో ఇద్దరిదీ అదే. నడవలేకపోతే కుర్చీలో మోసుకెళ్తామని పాస్టరు మాటిచ్చాడు. వసంతపు సంస్కారానికి ముందు పెద్దలు మళ్ళీ కూడారు. ఈసారి టోర్మొడ్ తప్ప అందరూ సరేనన్నారు. మనసు మార్చుకోమని పాస్టరు బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు కూడా. టోర్మొడ్ టోపీ తీసుకుని లేచిపోయాడు.

ఇంటికి రాగానే అతని మొహం చూసి ఎఫీకి అర్థమైపోయింది.

"నేను ఆయన ఏర్పరచుకున్నవాళ్ళలో లేనా, టోర్మొడ్?"

"అది దేవుడికే తెలుసు."

"దేవుడి సంగతి సరే. ఇన్నేళ్ళు నాతో కాపురం చేశావు. నీకేమనిపిస్తోంది?"

అతను దుప్పటి సర్దాడు.

"భయంగా ఉంది," అంది ఎఫీ. "చచ్చాక నువ్వూ నేనూ ఇంక కలవమన్నమాట."

"కలుస్తాం."

అంత గట్టిగా అతను ఎప్పుడూ చెప్పలేదు. ఎఫీ కళ్ళు మెరిశాయి. "అయితే బిళ్ళ ఇస్తావా?" అని అడిగింది. అతను మొహం తిప్పుకుని మంట ఎగదోయడానికి వెళ్ళాడు.

ఆదివారం గుడిలో కీర్తన సాగుతుండగా ఇంట్లో ఎఫీ గోడ వైపు తిరిగి ప్రాణం విడిచింది. ఆమె ప్రశాంతంగా పోయిందని ఊళ్ళో అన్నారు. దగ్గరున్న పొరుగావిడ మాత్రం ఆ మాట అనలేదు. ఆఖరి నిమిషం దాకా ఎఫీ తన చెయ్యి వదల్లేదని, వణుకుతూనే పోయిందని పాస్టరుకు చెప్పి ఏడ్చింది.

మగవాళ్ళు భుజాలు మార్చుకుంటూ శవపేటికను సముద్రం పక్క శ్మశానానికి మోశారు. మట్టి పూడ్చడం అయ్యాక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పాస్టరు టోర్మొడ్ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇప్పుడైనా చెప్పండి. ఆవిడలో మీకు కనిపించిన లోపమేమిటి?"

"లోపమా? ఏమీ లేదు. ఈ దీవిలో దేవుడు ఏర్పరచుకున్న మనిషంటూ ఉంటే అది ఎఫీయే. పెళ్ళయిన ఏడాదే నాకు తెలిసిపోయింది."

పాస్టరు అతని భుజం పట్టుకున్నాడు. "తెలిసే ఆపారా? అలా వణుకుతూ చావనిచ్చారా? ఎందుకు?"

టోర్మొడ్ పచ్చి మట్టి వైపు చూశాడు.

"నరకానికి నేనొక్కణ్ణే పోలేను, అయ్యగారూ."