సాలీడు కాటు

"చప్పున వాయించండి అన్నయ్యగారూ, కోడలు దక్కాలి!" అంటూ ఏడ్చింది నా వియ్యపురాలు దొనాతా.

పొగాకు కోస్తుంటే నా కూతురు అస్సుంతను సాలీడు కుట్టిందట. ఇటలీలోని మా సలెంతో పల్లెల్లో ఆ విషం కంజీర మోతకు ఆడితేనే దిగుతుంది. మామూలప్పుడైతే ఇంటి కోడలు గెంతకూడదని దొనాతా కట్టడి. పెళ్ళయ్యాక నా బంగారుతల్లి ఆట నేను చూడనేలేదు.

కంజీర మోగించాను. అబ్బబ్బ, ఏం ఆడిందండీ నా తల్లి! గిర్రున తిరుగుతూ నాకేసి కన్నుగీటింది. సాలీడూ లేదు, కాటూ లేదని అర్థమై, సంతోషం పట్టలేక మరింత జోరుగా వాయించాను.

అంతలో దొనాతా చెప్పులు విడిచి ముందుకొచ్చింది.

"నన్నూ కుట్టింది అన్నయ్యగారూ."

"అయ్యో, ఎప్పుడు చెల్లెమ్మా?"

"ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు. మాటలాపి వాయించండి!"