అంచు అవతల ఎర్ర బటన్

చెంపదెబ్బకి ఆ మనిషి కళ్లజోడు ఎగిరి ఆఫీసు మెట్ల మీద పడింది.

"మూడ్రోజుల్నించి ఒకటే నస! ఇంకోసారి వచ్చావంటే కాళ్లు విరగ్గొడతా" అన్నాడు టీమ్ లీడర్.

ఆ మనిషి రెండు చేతులూ ప్యాంటు జేబుల్లోనే ఉన్నాయి.

ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల కోసం ఆ ఆఫీసువాళ్లు ఒక యాప్ చేశారు. అందులో ఎర్ర బటన్ నొక్కితే పోలీసులకి కబురు వెళ్తుంది.

"మా ఇంట్లో ఆమెది పాత ఫోన్ సార్. మీ కొత్త వెర్షన్‌లో పై బొమ్మే తెరంతా ఆక్రమించింది. బటన్ తెర అంచు కిందికి పోయింది, జరిపినా పైకి రాదు."

"ఏదీ, ఫోన్ చూపించు."

"నేను తెచ్చేస్తే ఆమె చేతిలో ఏముంటుంది సార్?"

యాప్‌కి బొమ్మలు వేసే అమ్మాయి తలుపు దగ్గర నుంచుంది.

"నిజమే అన్నా. ఒక్కో బొమ్మా ఐదు సైజుల్లో చేసి, ఏ తెరకి తగ్గది ఆ తెర ఫోల్డర్లో పెట్టాలి. తొందరలో నువ్వు పెద్దదే ఐదింట్లోనూ కుక్కావు. చిన్న తెర మీద అది నాలుగింతలై కూర్చుంది."

"అలాంటి ఫోన్లు నూటికి రెండు! వాటి కోసం రెండొందల బొమ్మలు మళ్లీ చెయ్యాలా?"

"దెబ్బలు ఫోన్ ఖరీదు చూసి పడవు కదన్నా."

"ఇవాళే సరిచెయ్యండి సార్" అన్నాడు ఆ మనిషి. "ఇవాళ శనివారం."

లీడర్ ఎగిరి తన్నాడు. ఆ మనిషి నాలుగు మెట్లు దొర్లాడు. పెదవి చిట్లి నెత్తురు చొక్కా మీద కారింది.

"లేవరా! మగాడివైతే చేతులు తియ్యి!"

ఆ మనిషి మెల్లగా లేచాడు. జేబుల్లో పిడికిళ్లు ఉబ్బాయి. బయటికి మాత్రం రాలేదు.

"పిరికి వెధవ" అని నవ్వాడు లీడర్.

సోమవారం మధ్యాహ్నానికి అమ్మాయి ఐదు ఫోల్డర్లూ సర్దేసింది. పాత ఫోన్ తెర మీద ఎర్ర బటన్ పైకొచ్చింది.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ వచ్చి, పగిలిన చిన్న ఫోనొకటి బల్ల మీద పెట్టాడు. తెర కింది అంచు పొడుగునా ఎండిన నెత్తుటి వేలిముద్రలు.

"ఈ ఫోన్ ఆవిడ శనివారం కొట్టిన దెబ్బలకి పోయింది. మీ యాప్ తెరిచే ఉంది. ఎందుకు నొక్కలేదో?"

లీడర్ కుర్చీలోంచి లేచాడు.

"ఆమె కోసం ఒకాయన వచ్చేవాడు సార్. అన్నో, తమ్ముడో..."

"ఆమెకి తోబుట్టువులు లేరు. ఉన్నది మొగుడొక్కడే, శనివారం శనివారం తాగొచ్చి కొట్టేవాడు, చంపిందీ వాడే. తనే స్టేషన్‌కొచ్చి కూర్చున్నాడు. సంతకం పెట్టరా అంటే, జేబుల్లోంచి చేతులు తియ్యనంటున్నాడు."