సూర్యావతి పంపిన ఫొటో

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. వీధిలోకి వినబడేలా చెప్పే సంగతి కాదిది.

పజుండౌంగ్ పేటలో మూడో అంతస్తు వంటింట్లో మన సూర్యావతి చింతపండు పిసుకుతోంది. పులుసులోకి కాదు. వేలంత లావున చుట్టి కాగితం మీద పెట్టింది. పక్కనే సుద్దముక్కలా తడి బియ్యప్పిండి ముద్ద. ఫొటో తీసి మనవరాలికి పంపించేసింది. పంపాక, ఆ చెయ్యి తనది కానట్టు కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

ఏం చేసిందో తెలిసిందా? పాము రెట్టని తయారుచేసింది.

మనవరాలు లక్ష్మీప్రియ బోవా పామును పెంచుకుంటోంది. విషం లేనిదే, కానీ మనిషంత పొడుగు. శిక్షణ కోసం పది రోజులు మాండలే వెళ్తూ, దానికి ఎలకను మేపి మరీ అమ్మమ్మకి అప్పజెప్పింది.

“అది అద్దాల పెట్టెలో బోర్లించిన కుండ కిందే పడుకుంటుంది. నువ్వు దాన్ని చూడక్కర్లేదు అమ్మమ్మా. అడుగున పరిచిన కాగితం మీద రెట్ట పడితే ఫొటో పెట్టు, చాలు. గోధుమరంగుది గట్టిగా ఉండాలి, పక్కన తెల్లగా సుద్దముద్ద ఉండాలి. తెలుపు పచ్చబడితే నీళ్లు చాలట్లేదని. దాని ఆరోగ్యమంతా అందులోనే తెలుస్తుంది.”

“ఛీ ఛీ! నాగేంద్రుడి పెంట నాను తొంగి సూడాలేటే?”

“చూడాలి. ఇంకోటి, పాలు మాత్రం పొయ్యకు. ఒట్టెయ్యి.”

ఒట్టేసింది. మూడో రోజే నాగులచవితి వచ్చిపడింది. స్వామి ఇంట్లోనే ఉండగా పుట్ట కోసం ఊరంతా తిరగడమేమిటనుకుంది. పొద్దున్నే తలస్నానం చేసి, పెట్టె మూత తీసి, గిన్నెడు పాలు పెట్టి, భయానికి కళ్లు మూసుకునే దండం పెట్టి, మూత దించేసి వచ్చింది.

సాయంత్రానికి గిన్నె ఒరిగి ఉంది. పాలు లేవు. కాగితం తడిసి ఉంది.

“ఎంత ఆత్రంగా తాగినాడో తండ్రి!” అని మురిసిపోయి, పెట్టెకి రెండు గడియలూ బిగించింది.

ఆ మురిపెం రెండు రోజులే. ఆరో రోజు కాగితం మీద ఏమీ లేదు. ఏడో రోజూ లేదు. పాలు కడుపులో గడ్డకట్టేశాయి కాబోలని ఆమెకి ముద్ద దిగలేదు. ఫోను మోగితే దిండు కింద దాచేసేది. ఒట్టు తప్పానని చెప్పడానికి నోరు రాక, ఎనిమిదో రోజు చింతపండు నానబెట్టింది.

జవాబు నిమిషంలో వచ్చింది. “అబ్బ, ఎంత బాగుందో! పశువుల డాక్టరమ్మ డో సాండాకి చూపించాను. పాముల్ని పెంచేవాళ్లంతా మీ అమ్మమ్మని చూసి నేర్చుకోవాలంది!”

వంటింట్లో ఎవరూ లేకపోయినా సూర్యావతి తల దించుకుంది.

అంతలో పక్కింటి చిలకమ్మ వచ్చింది. “ఏటి పిన్నీ, మీ వంటింట్లో ఎలకల గోలే లేదు! అన్నీ ఎటెల్లిపోనాయి?”

“నా మొకం సూడ్డం వాటికీ ఇష్టం లేదు కాబోలే.”

“మరి నీ గదిలో ఈ వాసనేటి?”

“కాలవ పాటు తీసి బురద బయటపడింది కదేటే,” అంటూ సూర్యావతి గదిలోకెళ్లి మంచం మీద చతికిలబడింది. ఈమధ్య దాని మీంచి లేవడమే తగ్గించేసింది.

పదో రోజు లక్ష్మీప్రియ వచ్చింది. సంచీ దింపకముందే సూర్యావతి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“నన్ను తిట్టే. ఒట్టు తప్పీసినాను. పాలు పోసీసినాను. ఆ ఫొటోలోది... సింతపండే.”

లక్ష్మీప్రియ తిట్టలేదు, నవ్వలేదు. “మరి తెలుపు?”

“బియ్యప్పిండి.”

“ఇప్పుడు డో సాండాకి నా మొహం ఎలా చూపించను అమ్మమ్మా?”

తిట్టినా అంత బాధ ఉండేది కాదు. “సచ్చిపోయుంటాది,” అంది సూర్యావతి, గోడ వైపు తిరిగి. “నువ్వే తీసి సూడు. నాను సూడలేను.”

లక్ష్మీప్రియ గడియలు తీసింది. కుండ ఎత్తింది. పెట్టె మూలమూలా తడిమింది.

“చవితినాడు పాలు పెట్టాక గడియలు ఎప్పుడు వేశావు?”

“సాయంత్రం. ఏటే?”

లక్ష్మీప్రియ ముక్కు ఎగబీల్చి, ఫోను లైటు వెలిగించుకుని, అమ్మమ్మ గదిలోకి వెళ్లి మోకాళ్ల మీద వంగింది.

ఈ కథ గుర్తుంచుకుని మీవాళ్లకీ చెప్పండి. సూర్యావతి పడ్డ సిగ్గు కూడా దాచకుండా చెప్పండి, చెప్పమని ఆమే అంది. ఈ ఆఖరి ముక్క మాత్రం ఆఖరికే ఉంచండి.

ఎలకలు మింగి బొద్దుగా తయారైన పామూ, దాని తెల్లటి సుద్దముద్దా సూర్యావతి మంచం కిందే ఉన్నాయి.