మెస్‌లో మూడో మనిషి

"మళ్ళీ మెస్సేనా?" ఆటో దిగుతూనే మెర్లిన్ అరిచింది.

"నెమ్మదిగా. అందరూ చూస్తున్నారు," అన్నాడు మైఖేల్.

"చూడనివ్వండి! జూబ్లీహిల్స్‌లో అడుగుకో హోటలుంది. పెళ్ళయ్యాక ఒక్కదాంట్లోకైనా తీసుకెళ్ళారా?"

"ఆ చీకట్లో ఏం తింటున్నామో మనకే కనపడదు. మంచినీళ్ళివ్వడానికే అరగంట చేస్తారు. మూడింటికి నీ వాయిస్ టెస్ట్, గుర్తుందా?"

"ఉంది కాబట్టే అడిగాను! ఈ ఒక్క రోజూ మనిద్దరమే కూర్చుని ప్రశాంతంగా తిందామన్నాను. అదీ తప్పేనా?"

మైఖేల్ జవాబు చెప్పలేదు. ఫిల్మ్ నగర్ మెస్ మెట్లెక్కేశాడు. పప్పూ పులుసూ ఉంటే అతనికి ఇంకేం అక్కర్లేదు. జవాబు చెప్పని మొగుడి మీద వచ్చేంత కోపం తిట్టే మొగుడి మీద కూడా రాదు.

మెర్లిన్ సినిమాలకి డబ్బింగ్ చెబుతుంది. ఇన్నాళ్ళూ గుంపులో కేకలు, శవం పక్కన ఏడుపులు, పక్కింటావిడ మాటలు. హీరోయిన్‌కి గొంతిచ్చే అవకాశం రావడం ఇదే మొదటిసారి. రాత్రి కంటిమీద కునుకు లేదు. ఆ భయమంతా పొద్దున్నుంచీ కోపమై మొగుడి మీద పడుతోంది.

మెస్ కిటకిటలాడుతోంది. ఖాళీ కుర్చీ కనిపిస్తే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, అది అక్కడి పద్ధతి. వీళ్ళకి దొరికిన టేబుల్ దగ్గర అప్పటికే మెడ చుట్టూ కొంగు కప్పుకున్న ఒక పెద్దావిడ పప్పన్నం కలుపుకుంటోంది.

"చూశారా? ఇందుకే రానన్నాను," అంది మెర్లిన్, ఆవిడకి వినపడేలాగే.

పెద్దావిడ చటుక్కున తలెత్తింది. మెర్లిన్‌నే చూస్తూ ఉండిపోయింది.

మెర్లిన్ కూల్‌డ్రింక్ తెప్పించుకుంది.

"టెస్టుకి ముందు అంత చల్లటిదా?" అన్నాడు మైఖేల్.

"నా గొంతు, నా ఇష్టం! హోటల్‌కి తీసుకెళ్ళలేరు గానీ నీతులు మాత్రం చెబుతారు!"

ఆ కేక వంటగది దాకా వినపడింది.

పెద్దావిడ చెయ్యి చాపి, కూల్‌డ్రింక్ సీసాను తన వైపుకి జరుపుకుంది. ఎడంచేతి వేలు పెదాల మీద పెట్టుకుంది.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడానికి, దుత్త తనంత తనే ఎదురుగా వచ్చి కూర్చున్నట్టయింది.

"ఏంటండీ? నన్ను నోరు మూసుకోమంటున్నారా?"

ఆవిడ కాదన్నట్టు తల ఊపింది. వేలు మళ్ళీ పెదాల మీదికే వెళ్ళింది.

"ఇంట్లో ఈయన మూసుకోమంటారు. దారినపోయే మీరు కూడానా? ఆ సైగలేంటి? నోరు లేదా మీకు?"

"మెర్లిన్, పెద్దావిడ. వదిలెయ్."

"ఓహో, మీరూ ఆవిడా ఒకటయ్యారా! మనిషన్నాక నోరు తెరిచి మాట్లాడాలి. మాట్లాడలేని వాళ్ళు ఇంట్లో కూర్చోవాలి!"

చుట్టుపక్కల వాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు. పెద్దావిడ కళ్ళు తడయ్యాయి. కలుపుకున్న అన్నం అలాగే వదిలేసి, మెర్లిన్‌కి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

"పొగరు!" అంది మెర్లిన్. సీసా లాక్కుని గటగటా తాగేసింది.

మూడింటికి స్టూడియోలో సౌండ్ ఇంజనీర్ కమలాకర్ ఆమెకి హెడ్‌ఫోన్స్ ఇచ్చాడు.

"ముందుగాల ఇది వినుండ్రి మేడమ్."

ఒక గొంతు వినపడింది. మెర్లిన్‌కి ఒళ్ళు జలదరించింది. చిన్నప్పుడు తెనాలిలో టీవీ ముందు కూర్చుని, ఎంతోమంది హీరోయిన్ల నోట విన్న గొంతు. అద్దం ముందు నిలబడి అచ్చం అలాగే పలకాలని గంటలకొద్దీ ప్రయత్నించిన గొంతు.

"ఎవరండీ ఈవిడ?"

"భూలక్ష్మమ్మ. ఈ పిక్చర్ల హీరోయిన్‌కు సగం చెప్పి ఆపేసింది. మిగిలిన సగానికే మీ టెస్టు. షురూ చెయ్యుండ్రి."

మొదటి డైలాగ్ బాగానే వచ్చింది. రెండోదానికి గొంతు బొంగురుపోయింది. ఏడ్చే సీన్‌లో గాలి తప్ప మాట రాలేదు. మళ్ళీ చెప్పింది. ఇంకా పాడయింది.

"ఆపుండ్రి మేడమ్."

మెర్లిన్ బయటికొచ్చి మైఖేల్ చొక్కా పట్టుకుంది. "మీ వల్లే! అంతా మీ వల్లే!" అంది. అరుద్దామనుకుంది గానీ అరుపు కూడా రాలేదు.

"నేనే నువ్వడిగిన చోటికి తీసుకెళ్ళాల్సింది," అన్నాడు మైఖేల్ తల వంచుకుని.

కమలాకర్ వెనకాలే వచ్చాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. రేపు పొద్దుగాల రాండ్రి. డైరెక్టర్ సార్‌ను గూడ రేపే రమ్మన్నం. ఇయ్యాల గొంతెట్లున్నదో చూద్దామని ఊకె చెప్పిచ్చిన."

"రేపా? నేను రాకముందే రేపని ఎవరు చెప్పారు?"

"భూలక్ష్మమ్మనే. ఇందాక ఎండల ఉరికొచ్చింది. మెస్‌ల అన్నం తింటుంటే మీ గొంతు గుర్తుపట్టిందంట. 'పిల్ల అరిచి అరిచి గొంతు పాడుచేస్కుంటున్నది, ఎంత ఆపినా ఆగలే, ఇయ్యాల టెస్టు పెట్టకుండ్రి' అని నా చెయ్యి పట్టుకున్నది."

మెర్లిన్ గోడకి చేరగిలబడింది. మైఖేల్ ఆమె వైపు చూడలేకపోయాడు.

"నంబరివ్వండి," అంది మెర్లిన్ ఫోన్ తీస్తూ. "ఇప్పుడే మాట్లాడతాను. ఆవిడ కాళ్ళు పట్టుకుంటాను."

"ఫోన్ల ఆమె ఏం మాట్లాడుతది మేడమ్? ఇదంత నాకు టైపు చేసి చూపిచ్చింది. కాన్సరని డాక్టర్లు గొంతు మొత్తానికే తీసేసిండ్రు. ఆస్పత్రి నుంచి రాంగనే, డబ్బింగోళ్ళు మాకు పంపిన ఆడియోలన్ని ఒక్కొక్కటి విని, 'నా గొంతు ఈ పిల్ల కాడ ఉన్నది' అని మిమ్ముల పిలిపిచ్చింది ఆమెనే."